పింగ్ వస్తోంది బాబూ

మాస్టారు నాతో అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఫోన్లో ఆయనన్న మాట, "పింగ్ వస్తోంది బాబూ, నాలుగుకి నాలుగూ వచ్చినాయి" అని. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని "ఉన్నావా" అని పలకరించడం, ఉంటే అది జవాబిస్తుంది. జవాబులు నిజంగానే వచ్చాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో నేనే అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న నోటిచివర ఆగిపోయినందుకు మూడు రోజులు పోయాయి, ఒక రైలు టిక్కెట్టు పోయింది, ఏ పాపమూ ఎరగని ఫైబర్ కంపెనీ కుర్రాడు నా చేత తిట్లు తిన్నాడు.

నేను విజయనగరంలో ఒక జీడిపప్పు వ్యాపారం కంపెనీలో కంప్యూటర్లు చూస్తాను. కార్డు మీద సిస్టమ్స్ ఇంజినీర్ అని ఉంటుంది. ప్రింటర్లో కాయితం ఇరుక్కున్నా, బాస్ గారి అమ్మాయి ఫోన్లో ఫొటోలు పోయినా పిలిచేది నన్నే. ఆఫీసు కోటకి దగ్గర్లో ఒక పాత మేడ. మేడ మీద ఏసీ గదిలో మా సొంత మెయిల్ సర్వర్ ఉంది. మెయిల్ నడిపే ప్రోగ్రాములు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, ఎనభై దాకా మెయిల్‌బాక్సులు. క్లౌడ్‌కి మార్చెయ్యొచ్చు కదా అని మీరడుగుతారని తెలుసు. నెలకి మనిషికింత అని లెక్క వేసి ఒకసారి బాస్ ముందు పెట్టాను. ఆయన ఆ కాయితం వెనక్కి తిప్పి, దాని మీద జీడిగింజల లోడు లెక్క రాసుకున్నారు. అంతే, ఆ సంగతి అక్కడితో సరి.

ఎనభై మందిలో ఇరవై ముగ్గురు ఆఫీసులో కూచోరు. పలాస, కాశీబుగ్గ, సోంపేట, రాజాం, పార్వతీపురం, ఎవరి ఊళ్ళో వాళ్ళుంటారు. గింజ కొనేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, లోడింగు చూసేవాళ్ళు. నాకొచ్చే ఫోన్లలో సగానికి పైగా వీళ్ళవే, అన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: "మెయిల్ రాట్లేదు."

ఇదివరకు వీళ్ళందరూ నేరుగా ఇంటర్నెట్ మీంచే సర్వర్‌కి వచ్చేవారు. పోర్టంటే సర్వర్‌కి ఉండే నంబరు వేసిన తలుపు. మెయిల్ తెచ్చుకోడానికి 993 పోర్టు, పంపడానికి 587 పోర్టు, రెండూ బయటికి తెరిచే ఉండేవి. రాత్రిపూట లాగ్, అంటే ఎవరెప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా, తెరిస్తే దెయ్యాల సినిమా చూసినట్టుండేది. ఎక్కడెక్కడి ఇంటర్నెట్ అడ్రసుల నుంచో అడ్మిన్, టెస్ట్, అకౌంట్స్, ఇన్ఫో అంటూ పేర్లు వేసి పాస్‌వర్డులు ఊహిస్తూనే ఉంటారు. అందుకని ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాను. ఎవరైనా అయిదుసార్లు తప్పు పాస్‌వర్డు కొడితే ఆ అడ్రసుని గంటసేపు గుమ్మం బయట నిలబెడుతుంది.

దాంతో 2019లో రాజాం కథ జరిగింది. అక్కడ అయిదుగురూ ఒకే గదిలో, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద పని చేస్తారు. రోజూ పదకొండు అయ్యేసరికి అందరికీ ఒకేసారి మెయిల్ ఆగిపోయేది. పన్నెండుకి దానంతటదే వచ్చేది, కాసేపటికి మళ్ళీ పోయేది. కరెంటు అనుకున్నాం, కేబుల్ అనుకున్నాం, రౌటర్ కూడా మార్చాం. ఎలాగూ తేలక ఒకరోజు లాగ్‌లో ఆ ఊరి అడ్రసు ఒక్కటీ పట్టుకుని చదివితే తెలిసింది. అయిదుగురికీ బయటికి కనిపించే అడ్రసు ఒకటే కదా, అందులో ఒక్కరి పేరు మీద మాత్రం తప్పు పాస్‌వర్డులు వరసగా పడుతున్నాయి. సూపర్‌వైజర్ గారు అంతకు నెల ముందు పాస్‌వర్డు మార్చుకున్నారు. ఆయన పాత ట్యాబ్ ఒకటి సొరుగులో ఉంది. ఆఫీసు కుర్రాడు పొద్దున్నే వచ్చి పాటలు వినడానికి దాన్ని ఛార్జింగులో పెడతాడు. అది లేస్తూనే పాత పాస్‌వర్డుతో మా సర్వర్ తలుపు కొడుతుంది, అయిదోసారికి ఆఫీసు మొత్తానికి తలుపు మూసుకుంటుంది. ఇంటి తాళం మార్చాం గానీ పాత తాళంచెవి ఉన్నవాడికి చెప్పలేదన్నమాట.

లాక్‌డౌన్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. 2020 మార్చి 25 నుంచి అందరూ ఇళ్ళల్లోనే, చాలామంది సెల్‌ఫోన్ డేటా మీద. ఆ డేటా వాడేవాళ్ళు బయటికి వచ్చేది సొంత అడ్రసుతో కాదు. కొన్ని వందల మంది ఒకే అడ్రసు వెనక నుంచి వస్తారు. ఎవడో ఒకడు పాస్‌వర్డు తప్పు కొడితే వాడితోపాటు ఇంకెవరు బయట నిలబడతారో దేవుడికే తెలియాలి. రెండు వారాలు ఓపిక పట్టి ఏప్రిల్లో ఆ పోర్టులు బయటికి మూసేశాను. ఓపెన్‌వీపీఎన్ పెట్టి (వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు లోపలికి వేసుకునే రహస్య దారి), మెయిల్ కావాలంటే ముందు వీపీఎన్ కలుపుకోవాలి అన్నాను. లాగ్ ప్రశాంతంగా అయింది. నేనూ అయ్యాను.

ఇక్కడే ఒక తప్పు చేశాను. సరైన పద్ధతి ఏమిటంటే, ఆఫీసులో సొంత డీఎన్‌ఎస్, అంటే పేరు అడిగితే అడ్రసు చెప్పే సర్వర్, పెట్టుకుని, వీపీఎన్ కలిసినప్పుడు లాప్‌టాప్‌లు దాన్నే అడిగేలా చెయ్యడం. నేను ఇరవై మూడు లాప్‌టాప్‌లలోనూ హోస్ట్స్ ఫైల్, అంటే పేర్ల పక్కన అడ్రసులు రాసుకునే సొంత చీటీ, తెరిచి, మెయిల్ సర్వర్ పేరు పక్కన దాని లోపలి అడ్రసు 192.168.1.10 అని రాసి పడేశాను. తొందర మరి. ఆఫీసు నెట్‌వర్కుకి ఆ 192.168.1 అన్న నంబరు కూడా నేను ఎంచుకున్నది కాదు. నాకు ముందున్నాయన రౌటర్ని డబ్బాలోంచి తీసి, ఎలా వచ్చినదాన్ని అలాగే తగిలించారు. నేనూ దాన్ని కదపలేదు. పని చేస్తున్నదాన్ని ఎవడు కెలుకుతాడు?

కాశీబుగ్గలో మా అకౌంటెంటు గారిని అందరూ మాస్టారు అంటారు. ఒకప్పుడు లెక్కల ట్యూషన్లు చెప్పేవారు. అరవై దాటాయి. బ్యాంకు వాళ్ళకి కూడా ఆయన రాసిన కాయితం అంటే గురి. ఇంట్లోనే ముందు గదిలో బల్ల వేసుకుని పని చేస్తారు. పోయిన ఏడాది మే 17న పొద్దున్నే ఫోన్.

"బాబూ, లాప్‌టాప్‌లో మెయిల్ దిగట్లేదు. నిన్నటేల వరకు బాగానే ఉంది. ఏటయిందో మరి."

20వ తారీఖుకి జీఎస్టీ రిటర్ను వెయ్యాలి. కొనుగోళ్ళ బిల్లులన్నీ మెయిల్లోనే వస్తాయి. ఆయన గొంతులో టెన్షన్ అందుకే.

వరసగా అడిగాను. వీపీఎన్ కలిసిందా? పచ్చగా ఉంది. పాస్‌వర్డు ఏమైనా మార్చారా? లేదు. లాప్‌టాప్‌లో కొత్తగా ఏమైనా వేశారా? "నానేటీ ముట్టుకోలేదు బాబూ." పోనీ పింగ్ కొట్టి చూడండన్నాను. ఆయనకి అది వచ్చు, లాక్‌డౌన్లో నేనే నేర్పాను. నల్ల కిటికీ తెరిచి, పింగ్ అని కొట్టి, సర్వర్ పేరు కొట్టి, వచ్చిన జవాబులు లెక్కపెట్టారు. నాలుగుకి నాలుగు. సరే, నెట్‌వర్కు బాగానే ఉంది అని నా మనసులో ఆ గడి దగ్గర టిక్కు పెట్టేశాను.

తర్వాత రిమోట్‌లో ఆయన లాప్‌టాప్ తెరిచి చూశాను. అవుట్‌లుక్ సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయి. సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయాను అంటుందది. మా సర్వర్ లాగ్‌లో చూస్తే ఆయన పేరు లేదు, తప్పు పాస్‌వర్డు కొట్టిన జాడ కూడా లేదు. వీపీఎన్ లాగ్‌లో మాత్రం లోపలికి వచ్చి కూచున్నారు. మనిషి గేటు దాటాడు, ఇంట్లోకి రాలేదు. మధ్యలో ఏమయ్యాడు?

రెండో రోజు, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి మాస్టారూ అన్నాను. మేడ మీదకెళ్ళి పెట్టారు, ఆయనింట్లో సిగ్నల్ అక్కడే. మెయిల్ జలపాతంలా దిగింది. కిందకొచ్చి ఫైబర్ మీద పెడితే మళ్ళీ ఆగింది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. ఫైబర్ వాళ్ళే 993 పోర్టు ఆపేశారని తీర్మానించి, వాళ్ళ కస్టమర్ కేర్‌కి నేనే ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు "మేము ఏ పోర్టూ ఆపలేదు సార్" అని మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి నేను గొంతు పెంచాను.

ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. వీపీఎన్ అంటేనే సొరంగం. ఫైబర్ వాడికి బయటినుంచి సొరంగం కనిపిస్తుంది గానీ, దాని లోపల 993 పోతోందో, 587 పోతోందో, పెళ్ళి ఊరేగింపే పోతోందో ఎలా కనిపిస్తుంది? లోపలున్న ఒక్క పోర్టుని వాడు ఆపలేడు. ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా కోపంలో తట్టలేదు.

రిటర్ను గడువు దగ్గర పడింది. అరవై దాటిన మనిషి మే నెల ఎండలో మేడ మీద కూచుని బిల్లులు దింపుకుంటున్నారని తెలిసి, "నువ్వొకసారి ఎల్లి చూసిరా" అన్నారు బాస్. 19న పొద్దున్న రైలెక్కాను.

విజయనగరం నుంచి పలాస వైపు రైలు నాకిష్టం. చీపురుపల్లి, పొందూరు దాటాక నాగావళి, ఆముదాలవలస దాటాక వంశధార, నౌపడ దగ్గర ఉప్పు మడులు. కోటబొమ్మాళి దాటుతుంటే మాస్టారి ఫోన్: "బాబూ, ఈ మూడ్రోజుల్లో వచ్చిన మెయిల్స్ పోయుంటాయా?"

పోవు మాస్టారూ అన్నాను. ఈ ప్రశ్న నన్ను ఏడాదికి పదిమంది అడుగుతారు. జవాబు మాత్రం నాకు రెండు తుఫాన్లు నేర్పాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పడిపోయింది మా సర్వరే. కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ లేదు. నాలుగో రోజు ఎవరినో బతిమాలి డీజిల్ తెచ్చి సర్వర్ లేపితే, ఆదివారం నాటి మెయిల్స్‌తో సహా ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. మెయిల్ పంపే సర్వర్, అవతల తలుపు తియ్యకపోతే మెయిల్‌ని పారెయ్యదు. వరసలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తుంది. మామూలుగా అయిదు రోజుల దాకా ఓపిక పడుతుంది. మేము నాలుగో రోజున లేచాం కాబట్టి బతికిపోయాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు అంతా తిరగబడింది. విజయనగరంలో సర్వర్ హాయిగా తిరుగుతోంది, ఉద్దానంలో కరెంటు లేదు, టవర్లు లేవు, జీడితోటలు నేలకి పడుకున్నాయి. అప్పుడు వచ్చిన మెయిల్స్ అన్నీ ఎవరి పెట్టెలో వాళ్ళకి భద్రంగా ఉన్నాయి, చూసుకునే మనిషే లేడు. "మెయిల్ రాలేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు సర్వర్లో వాళ్ళ పెట్టె తెరిచి చూడటం నాకు అప్పటి నుంచి అలవాటు. నూటికి తొంభైసార్లు మెయిల్ వచ్చే ఉంటుంది. రానిది మనిషి. (నూటికి తొంభై అన్నది నా నోటి లెక్క, ఎవరూ పట్టుకోకండి.)

మాస్టారి ఇల్లు బజారుకి దగ్గరే. గుమ్మంలోనే మజ్జిగ ఇచ్చారు అమ్మగారు. లాప్‌టాప్ ముందు కూచుని వీపీఎన్ కలిపి, మొదట పింగ్ కొట్టాను. నాలుగుకి నాలుగు వచ్చాయి. ఈసారి వరసంతా చదివాను. ఒక్కో జవాబుకి పట్టిన టైమ్: ఒక మిల్లీసెకను కంటే తక్కువ.

నేను తెల్లారుజామున లేచి, ఎక్స్‌ప్రెస్సులో, రెండు నదులు దాటి వచ్చాను. ఈ పింగ్ ఇక్కణ్ణుంచి విజయనగరం వెళ్ళి, సర్వర్‌ని పలకరించి, తిరిగి మిల్లీసెకనులోపు వచ్చేసిందిట! మామూలుగా మా బయటివాళ్ళకి ముప్పై, నలభై మిల్లీసెకన్లు పడుతుంది. పక్కనే టీటీఎల్ 64 అని ఉంది, దారిలో ఒక్కో మజిలీకి ఒకటి చొప్పున తగ్గే అంకె అది. మా సర్వర్ నుంచి సొరంగం గుండా వస్తే మధ్యలో ఒక మజిలీ ఉంటుంది, ఆ అంకె 63 కావాలి. అంటే జవాబు చెప్పినవాడెవడో ఈ ఇంట్లోనే ఉన్నాడు.

బ్రౌజర్ తెరిచి 192.168.1.10 కొట్టాను. యూజర్ నేమ్, పాస్‌వర్డు అడుగుతూ ఒక పేజీ వచ్చింది. పైన కెమెరా బొమ్మ.

"మాస్టారూ, ఇంట్లో సీసీ కెమెరాలు పెట్టించారా?"

"ఆఁ, నాలుగు రోజులయింది. మొన్నా ఫైబర్ పెట్టినోడే కెమెరాలు కూడా బిగించినాడు. మీరు లాప్‌టాప్‌లో ఏటి మార్చినారని అడిగినారు గానీ, గోడ మీద ఏటి పెట్టినారని అడగలేదు కదా బాబూ."

నిజమే. పాత కనెక్షన్ తీసేసి కొత్త ఫైబర్ పెట్టించుకున్నారు. ఆ రౌటర్ కూడా డబ్బాలోంచి తీసింది తీసినట్టే, 192.168.1తో. కెమెరాల రికార్డింగు పెట్టె, అదే డీవీఆర్, దానికి ఆ కుర్రాడు పెట్టిన నంబరు సరిగ్గా 10. నాలుగు రోజులుగా మాస్టారి అవుట్‌లుక్ పాపం గోడ మీది డీవీఆర్ తలుపు కొట్టి, నా మెయిల్ ఇవ్వు, నా మెయిల్ ఇవ్వు అంటోంది. దానికి మెయిల్ అంటే ఏమిటో తెలియదు. పింగ్ అంటే మాత్రం తెలుసు, అందుకని మర్యాదగా నాలుగుసార్లూ పలికింది.

ఇది ఎందుకు జరుగుతుందో మాస్టారికి చెప్పినట్టే ఇక్కడ చెబుతాను. ఇంటర్నెట్ అడ్రసులు అందరికీ సరిపోవని, లోపలి వాడకానికి ఎవరైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని మూడు వరసలు కేటాయించారు, 1990ల్లో. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. రౌటర్లు చేసేవాళ్ళలో చాలామంది ఆ మూడో వరసలో మొదటి ఇళ్ళే పట్టుకున్నారు. మన ఊళ్ళల్లో రామాలయం వీధి లాగన్నమాట. రామాలయం వీధి లేని ఊరు ఏదైనా ఉందా? మీ ఊరి పేరు రాయకుండా "రామాలయం వీధి, పదో ఇల్లు" అని ఉత్తరం రాసి డబ్బాలో వేస్తే, మీ ఊరి పోస్ట్‌మ్యాన్ పక్క ఊరి దాకా ఎందుకు వెళ్తాడు? మీ వీధిలో పదో ఇంట్లోనే ఇచ్చేస్తాడు. మాస్టారి లాప్‌టాప్‌కి 192.168.1కి రెండు దారులున్నాయి. ఒకటి సొరంగం, ఒకటి గదిలో ఉన్న రౌటర్. రెండూ ఒకేలా ఉన్నప్పుడు విండోస్ మెట్రిక్ అనే అంకె చూసి, తక్కువ ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ రౌటర్‌ది పైచేయి అయింది. హాట్‌స్పాట్ మీద పని చెయ్యడానికి కారణం కూడా ఇదే. ఫోన్లు వేరే వరసలు ఇస్తాయి. పాత ఆండ్రాయిడ్లు 192.168.43 ఇచ్చేవి, ఐఫోన్ 172.20.10 ఇస్తుంది. అక్కడ రామాలయం వీధి ఒకటే.

మాస్టారు శ్రద్ధగా విని, "మరయితే మన ఆఫీసోళ్ళు ఊరి పేరు రాసుకోవాలి కదా" అన్నారు. ఇరవై ఏళ్ళు ట్యూషన్ చెప్పిన మనిషికి తప్పు ఎవరిదో పట్టుకోడానికి నిమిషం పట్టలేదు.

ఇంట్లో రౌటర్ వరస మార్చేద్దామనుకున్నాను. మారిస్తే డీవీఆర్ నంబరు కూడా మార్చాలి, దాని పాస్‌వర్డు బిగించిన కుర్రాడి దగ్గరుంది, వాడు ఫోన్ ఎత్తట్లేదు. అందుకని ఇంకో దారి తొక్కాను. వీపీఎన్ సర్వర్లో ఒక లైను కలిపాను: 192.168.1 వీధి మొత్తం సంగతి ఎలా ఉన్నా, పదో ఇల్లు ఒక్కటీ మాత్రం సొరంగం గుండానే అని. రెండు దారుల్లో ఎక్కువ కచ్చితంగా చెప్పినదానికే కంప్యూటర్ విలువిస్తుంది. ఒక్క ఇంటికి రాసిన దారి, వీధి మొత్తానికి రాసిన దారిని ఓడిస్తుంది. వీపీఎన్ తీసి మళ్ళీ కలిపాం. పింగ్ 38 మిల్లీసెకన్లు, టీటీఎల్ 63. అవుట్‌లుక్ గంట మోగించింది. వీపీఎన్ ఉన్నంతసేపు ఆ లాప్‌టాప్‌లో కెమెరాలు కనబడవు. మాస్టారు వాటిని ఫోన్లోనే చూస్తారు కాబట్టి ఇబ్బంది లేదు.

పని అయింది కదా, బయల్దేరతానంటే అమ్మగారు ఊరుకోలేదు. "ఆ మిషను ఎక్కడికీ పోదు. తినీసి ఎల్లండి బాబూ" అన్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆ కూర కోసం అయితే ఇంకో రెండు రోజులు మెయిల్ పాడైనా ఫరవాలేదనిపించింది. మాస్టారు మర్నాడు పొద్దున్నే రిటర్ను వేసేశారు.

తాత్కాలికం అనుకున్న ఆ ఒక్క లైను అయిదు నెలలు నడిచింది. ఆ అయిదు నెలల్లోనూ నాకు లోపల గుచ్చుతూనే ఉంది. ఊరి పేరు రాసుకోవాల్సింది మనమే. చివరికి సిరిమానోత్సవం ముందు ఆదివారం, ఊరంతా పైడితల్లి పండగ హడావుడిలో ఉంటే, నేను ఆఫీసులో ఒక్కణ్ణే కూచుని నెట్‌వర్కు మొత్తం 10.73.19కి మార్చాను. 7319 నా మొదటి స్కూటర్ నంబరు. ఎవరి ఇంటి రౌటరూ దాన్ని తనంతట తాను పెట్టుకోదని నమ్మకం. ఈసారి బుద్ధిగా డీఎన్‌ఎస్ సర్వర్ కూడా పెట్టాను. ఇరవై మూడు లాప్‌టాప్‌లలో హోస్ట్స్ ఫైల్లో ఒకప్పుడు నేను రాసిన లైన్లు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, రిమోట్‌లో వెళ్ళి నేనే తుడిచాను. సోంపేటాయన పెళ్ళిలో ఉన్నారు, లాప్‌టాప్ ఇంట్లో ఉంది, అది బుధవారం అయింది. ప్రింటర్లు రెండూ గుర్తున్నాయి. వేలిముద్ర హాజరు మిషను గుర్తులేదు. దాని నంబరు పాతదే ఉండిపోయింది. సోమవారం సాయంత్రం హెచ్ఆర్ మేడమ్ రిపోర్టు తీస్తే ఆఫీసు మొత్తం గైర్హాజరు. బాస్ కూడా.

ఆ తర్వాత వచ్చినవి చిన్నవే. సోంపేటలో ఒక పాత డెస్క్‌టాప్ మా సర్వర్ గుర్తింపు సర్టిఫికెట్ చెల్లదని మొరాయించింది. చూస్తే దాని తేదీ 2012. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా అది గతంలోకి వెళ్ళిపోతోంది. ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ని ఎలా నమ్ముతుంది? గంటస్తంభం ఉన్న ఊళ్ళో పని చేస్తూ గడియారం చూడటానికి నాకు అరగంట పట్టింది.

పార్వతీపురంది కొంచెం ముచ్చటైనది. చిన్న మెయిల్స్ వెళ్తాయి, బిల్లు పీడీఎఫ్ జత చేస్తే అవుట్‌బాక్స్‌లోనే చతికిలబడుతుంది. లారీ లోడుతో అండర్‌బ్రిడ్జి దగ్గరికి వచ్చినప్పుడు అడ్డంగా ఎత్తు కమ్మీ ఉంటుంది కదా, అలాంటి గొడవ ఇది. ఇంటర్నెట్ మీద ఏదైనా ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతిలో నడిచే కనెక్షన్లో దానికే 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. దాని మీద మా వీపీఎన్ ఇంకో టార్పాలిన్ కప్పుతుంది. లారీ పడుతుంది, టార్పాలిన్ కమ్మీకి తగులుతుంది. తగిలిందని వెనక్కి కబురు చెప్పే ప్యాకెట్లని దారిలో ఎవరో ఆపేస్తే, డ్రైవర్ అక్కడే హారన్ కొడుతూ నిలబడతాడు. ముక్కలు చెయ్యొద్దని చెప్పి పింగ్ సైజు పెంచుకుంటూ పోతే కమ్మీ ఎత్తు తెలుస్తుంది: వీపీఎన్ లేకుండా 1464 దాకా వెళ్ళింది, 1465కి ఆగింది. దానికి శీర్షికల 28 కలిపితే సరిగ్గా 1492. వీపీఎన్‌లో ఎంఎస్ఎస్, అంటే ఒక్కో ప్యాకెట్లో నింపే సరుకు, తగ్గించాను, బిల్లులు కదిలాయి. దీన్ని మాత్రం విజయనగరం నుంచి, కుర్చీలోంచి లేవకుండా పట్టుకున్నాను. ఎందుకంటే మొదటి ప్రశ్నగా "ఇంట్లో ఈమధ్య కొత్తగా ఏమేం తగిలించారు? గోడ మీద కూడా చెప్పండి" అని అడిగాను. కొత్త ఫైబర్ అన్నారు.

ఈ సంక్రాంతికి మాస్టారు గాజువాకలో కూతురి ఇంటికి వెళ్ళారు. కనుమ మర్నాడు ఫోన్.

"బాబూ, మెయిల్ రాట్లేదు. ఆగండాగండి, నాను అన్నీ చూసినాను. వీపీఎన్ పచ్చగా ఉంది. పింగ్ నాలుగుకి నాలుగు. టైమ్ నలభై ఒకటి. టీటీఎల్ అరవై మూడు. అల్లుడు గోడ మీద కొత్తగా ఏటీ పెట్టలేదు."

నాకు అడగడానికి ఏమీ మిగల్చలేదాయన. రిమోట్‌లో వెళ్ళి దారులు చూశాను, డీఎన్‌ఎస్ చూశాను, సర్టిఫికెట్, తేదీ, ప్యాకెట్ సైజు చూశాను. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. పావుగంట తర్వాత అవుట్‌లుక్ అడుగున, కుడి మూల ఉన్న చిన్న అక్షరాలు కంటపడ్డాయి. వర్కింగ్ ఆఫ్‌లైన్. లాప్‌టాప్‌లో బొమ్మలు చూస్తానని కూచున్న మనవడు పండగ పూట ఎక్కడో ఆ బటన్ నొక్కేశాడు.